ప్యాకేజీలో ఏ ఫైళ్లు చేరాలి?

ప్రశ్న: నేను రాసిన ఒక ప్రోగ్రామును ఫెడోరా అనే లినక్స్ వ్యవస్థ కోసం ఆర్‌పీఎం ప్యాకేజీగా (ఇన్‌స్టాల్ చేయడానికి వీలైన ఒకే ఫైలుగా) తయారు చేస్తున్నాను. కంపైలు సవ్యంగానే పూర్తవుతోంది గాని, ఇన్‌స్టాల్ అయిన కొన్ని ఫైళ్లు ప్యాకేజీలో చేరలేదంటూ చివరలో బిల్డు ఆగిపోతోంది. స్పెక్ ఫైలులోని (ప్యాకేజీని ఎలా తయారు చేయాలో చెప్పే ఫైలులోని) %ఫైల్స్ విభాగంలో '/యూఎస్ఆర్/*' (యూఎస్ఆర్ డైరెక్టరీలోనివన్నీ) అని ఒక్క వరుస రాస్తే చాలునని మిత్రుడొకరు చెప్పారు. అలా రాయవచ్చునా?
— ఒక పాఠకుడు, వరంగల్లు

జవాబు: అలా రాస్తే ఆ సందేశం పోవచ్చు గాని, దయచేసి రాయకండి. స్పెక్ ఫైలులోని %ఇన్‌స్టాల్ విభాగం మీ ఫైళ్లను బిల్డ్‌రూట్ అనే తాత్కాలిక డైరెక్టరీలో అమరుస్తుంది. వాటిలో ఏవి ప్యాకేజీకి చెందుతాయో %ఫైల్స్ విభాగం నిర్ణయిస్తుంది. ఈ రెండింటికీ పొంతన కుదరనందువల్లనే బిల్డు ఆగింది. ఈ తనిఖీని ఆపివేసే వీలు కూడా ఉన్నది, కానీ ఆపివేస్తే ప్యాకేజీలో లోపించిన ఫైలు సంగతి మీకన్నా ముందు మీ వినియోగదారులకు తెలుస్తుంది.

మీ మిత్రుడు చెప్పిన వరుస వల్ల యూఎస్ఆర్ కింద ఉన్న బిన్, షేర్ వంటి ఉమ్మడి డైరెక్టరీలకు మీ ప్యాకేజీ కూడా యజమాని అవుతుంది. ఫెడోరాలో అవి 'ఫైల్‌సిస్టమ్' అనే ప్యాకేజీకి చెందినవి కనుక, అనుమతులలో తేడా ఉన్నట్లయితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే రెండు ప్యాకేజీలకూ ఘర్షణ వస్తుంది.

చాలామంది తడబడేది డైరెక్టరీల దగ్గరే. షేర్ కింద మీ ప్రోగ్రాము పేరుతో ఉన్న డైరెక్టరీని %ఫైల్స్‌లో నేరుగా పేర్కొంటే, అదీ, దాని లోపలివన్నీ ప్యాకేజీలో చేరతాయి. ముందు '%డిర్' అని చేరిస్తే డైరెక్టరీ మాత్రమే చేరుతుంది, లోపలి ఫైళ్లను విడిగా పేర్కొనవలసి ఉంటుంది. అలా కాక డైరెక్టరీ పేరు తరువాత '/*' అని నక్షత్రం గుర్తు ఒక్కటే పెడితే ఫైళ్లు చేరతాయి గాని ఆ డైరెక్టరీకి యజమాని ఉండదు. ప్యాకేజీని తొలగించిన తరువాత కూడా ఖాళీ డైరెక్టరీ అక్కడే మిగిలిపోతుంది.

షేర్డ్ లైబ్రరీల (పలు ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడు ఫైళ్ల) పేర్లలోనూ వెర్షను సంఖ్య స్థానంలో నక్షత్రం పెట్టకండి. ఆ సంఖ్య మారితే మీ లైబ్రరీపై ఆధారపడిన ప్యాకేజీలను మళ్లీ బిల్డు చేయవలసి వస్తుంది; సంఖ్యను స్పష్టంగా రాసి ఉంచితే ఆ మార్పు బిల్డు సమయంలోనే బయటపడుతుంది.

/ఈటీసీ లోని సెట్టింగుల ఫైలుకు '%కాన్ఫిగ్(నోరీప్లేస్)' తప్పక చేర్చండి. వినియోగదారు మార్చుకున్న ఫైలు అప్‌గ్రేడులో అలాగే నిలుస్తుంది, కొత్తది '.ఆర్‌పీఎంన్యూ' అనే తోకతో దాని పక్కన చేరుతుంది. లైసెన్సు ఫైలుకు '%లైసెన్స్' వాడండి. మీ ప్రోగ్రాముకు తెలుగు అనువాదం ఉన్నట్లయితే ఆ ఫైళ్లను చేతితో పేర్కొనవద్దు. '%ఫైండ్_లాంగ్' అన్ని భాషల ఫైళ్లనూ వెదికి జాబితా తయారు చేస్తుంది, దానిని '%ఫైల్స్ -ఎఫ్' తో చేర్చుకోవచ్చు.

ఇప్పుడు మీరు చేయవలసినది, ఆ సందేశం చూపిన ఫైళ్లను ఒక్కొక్కటిగా పరిశీలించడం. అవసరమైన వాటిని %ఫైల్స్‌లో పేర్కొనండి, అక్కరలేని వాటిని %ఇన్‌స్టాల్ చివరలో తొలగించండి. బిల్డు పూర్తయ్యాక 'ఆర్‌పీఎం -క్యూఎల్‌పీ' ఆదేశానికి తయారైన ప్యాకేజీ ఫైలు పేరు ఇచ్చి, వచ్చిన జాబితాను ఒకసారి పూర్తిగా చదవండి.