ఆ రాజ్యంలోనే ఉండిపోవాలనిపిస్తోంది

ప్రశ్న: మాది రాయగడ. నాకు 36 ఏళ్లు. మావారు పేపర్ మిల్లులో షిఫ్టు డ్యూటీ చేస్తారు. ఇద్దరు పిల్లలు, అత్తగారు మాతోనే ఉంటారు. మా మరిది ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్తూ వదిలిపెట్టిన పుస్తకాల్లో ఒక ఇంగ్లీషు ఫాంటసీ నవల దొరికింది. మూడు సంపుటాలు. డ్రాగన్లు, మంచుకోట, శాపం తగిలిన రాజకుమార్తె. మొదలుపెట్టాక వదలలేకపోతున్నాను. కరెంటు పోయినా ఫోను టార్చి పెట్టుకుని చదువుతున్నాను. రెండుసార్లు పప్పు మాడింది. పిలిచినా వినిపించడం లేదు. ‘నువ్వు ఈ ఇంట్లో ఉన్నావా, ఆ రాజ్యంలో ఉన్నావా?’ అని ఆయన కోప్పడుతున్నారు. ఈ మధ్య మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోవడం లేదు. ‘ఇద్దరు పిల్లల తల్లివి, రాక్షసుల కథలేమిటి?’ అని అత్తగారు. ఇంగ్లీషు మెరుగవుతుందని చెప్పి తప్పించుకుంటున్నాను. ఇది వ్యసనమా? మూడో సంపుటం చదవకుండా మరిదికి పంపేయమంటారా?

జవాబు: పంపకండి. అంత దూరం వచ్చి రాజకుమార్తెను శాపంలోనే వదిలేస్తే మీకు నిద్ర పట్టదు, ఆ కోపం ఇంట్లోవాళ్ల మీదికి మళ్లుతుంది.

ఇంగ్లీషు మెరుగవుతుందన్న సాకు కూడా మానేయండి. మన ఇళ్లలో ఆడవాళ్లు ఏ పని చేసినా అది ఎవరికో ఉపయోగపడాలి, లేకపోతే సంజాయిషీ ఇచ్చుకోవాలి. బాగుంది కాబట్టి చదువుతున్నానని చెప్పండి. ఆ మాట ఒకసారి పైకి అనేస్తే దొంగచాటుతనం పోతుంది. దొంగచాటుగా చేసే పనికే మనసు మరీ ఎక్కువగా అతుక్కుంటుంది.

పుస్తకం మొదట్లో ఉన్న పటం మీద వేలు పెట్టి, నది దాటి మంచుకోటకు ఏ దారిన వెళ్లారో వెతుక్కున్నానని మీ ఉత్తరంలో ఒకచోట రాశారు. ఈ రకం నవలల్లో సుఖమంతా అక్కడే ఉంది. రచయిత కథతో సరిపెట్టడు. ఆ నేల మీద ఏ పంట పండుతుందో, ఏ నాణెం చెల్లుతుందో, ఏ దేవుడి పేరు మీద ఒట్టు వేస్తారో అన్నీ కల్పిస్తాడు. వంద పేజీలు దాటేసరికి ఆ ఊరి ఆచారాలు మీకు తెలిసిపోతాయి, మీరూ ఆ ఊరివాళ్లయిపోతారు. పైగా అక్కడ మిమ్మల్ని పిలిచేవాళ్లు లేరు. అక్కడ మీరు కోడలు కాదు, అమ్మ కాదు. ఎవరికీ కనపడకుండా అందరినీ చూస్తుండే మనిషి. పొద్దున లేచింది మొదలు నలుగురి పిలుపులకు పలికే మనిషికి అది ఎంత హాయో నేను వేరే చెప్పాలా?

విక్టర్ నెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సరదా కోసం చదివేవాళ్లను పరిశీలించి 1988లో ఒక పుస్తకం రాశారు. బాగా నచ్చిన పేజీల దగ్గర పాఠకులు వేగం తగ్గిస్తారని ఆయన గమనించారు. అయిపోతుందేమోనని ఆగి ఆగి చదువుతున్నానని మీరు రాసింది అదే. పిలుపు చెవిన పడకపోవడం కూడా అంతగా లీనమవడం వల్లే. పొగరు వల్ల కాదని మీవారికి చెప్పండి.

అత్తగారితో వాదించకండి. ఆదిపర్వంలో గరుత్మంతుడు ఏనుగునూ తాబేలునూ కాళ్లతో పట్టుకుని ఎగిరిన కథ ఆవిడ ఎన్నిసార్లు విన్నారో అడగండి చాలు. మీ పక్కనున్న గజపతి జిల్లాలో మహేంద్రగిరి మీద పరశురాముడు ఇప్పటికీ తపస్సు చేస్తున్నాడని నమ్మేవాళ్లున్నారు. డ్రాగన్‌కు ఆ ప్రాంతం మరీ కొత్త కాదు.

ఇక వ్యసనం మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న తన వ్యాధుల జాబితాలో వీడియో గేముల వ్యసనాన్ని చేర్చింది. నవలలు చదవడాన్ని చేర్చలేదు. అయినా గేముల వ్యసనానికి పెట్టిన కొలతలు మీరూ చూసుకోవచ్చు: ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా కొనసాగించడం, అదీ దాదాపు ఏడాదిపాటు. రెండుసార్లు పప్పు మాడితే ఆ లెక్కలోకి రాదు. స్టవ్ దగ్గరికి మాత్రం పుస్తకం తీసుకెళ్లకండి.

నన్ను ఆపింది వేరే మాట. మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడు పేజీలకు పైగా ఆ రాజ్యమే. ‘ఈ మధ్య మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోవడం లేదు’ అని ఒక్క వాక్యం రాసి, వెంటనే మళ్లీ మంచుకోటలోకి వెళ్లిపోయారు. ఆ మాటలు ఎప్పుడు తగ్గాయి? పుస్తకం దొరక్కముందా, తర్వాతా?

ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు టోల్కిన్ 1939లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో ఇలాంటి కథల మీద వచ్చే ‘పలాయనం’ అన్న నిందకు జవాబిచ్చారు. ఖైదీ జైలు నుంచి తప్పించుకోవడాన్నీ, సైనికుడు యుద్ధం వదిలి పారిపోవడాన్నీ ఒకటిగా చూడకూడదన్నారు. మీరు ఈ రెంటిలో ఎవరో నేను చెప్పలేను. పుస్తకం మూసిన మరుక్షణం గమనించుకోండి. తేలిగ్గా ఉండి పిల్లల దగ్గరికి వెళ్లాలనిపిస్తే మంచిదే. ఇల్లు తలచుకుంటేనే గుండె బరువెక్కుతుంటే, పుస్తకం మానేసినంత మాత్రాన ఆ బరువు తగ్గదు.

మీవారు రెండో షిఫ్టు చేసి రాత్రి పదిన్నరకు వస్తారని, మీకు చదువు సాగేదీ అప్పుడేనని రాశారు. ఎనిమిది గంటలు మిల్లులో నిలబడి వచ్చిన మనిషికి అట్ట మాత్రమే కనిపిస్తే, ఆ రాజ్యం మీద అసూయ పుట్టకుండా ఉంటుందా? ఆయన వచ్చే వేళకు పుస్తకం మూసి పెట్టండి. ఆయన కూడా అన్నం ముందు ఫోను పక్కన పెట్టాలి, ఇది ఒకవైపు ఒప్పందం కాదు. దానికి బదులు మధ్యాహ్నం పిల్లలు బడి నుంచి వచ్చేలోపు ఒక గంట మీదని అందరి ముందూ ప్రకటించండి. ఆ గంటలో అత్తగారి టీ అత్తగారే పెట్టుకుంటారు. మొదటి వారం సణుగుడు తప్పదు.

మాటలు ఎప్పుడు తగ్గాయన్న ప్రశ్నకు ‘ముందే’ అన్న జవాబు వస్తే, ఆ సంగతి ఆయనతో నేరుగా మాట్లాడండి, సెలవు రోజున, పిల్లలు లేనప్పుడు. నిద్ర, తిండి కూడా తగ్గాయనిపిస్తే 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది టెలి మానస్ ప్రభుత్వ సహాయ కేంద్రం. ఖర్చు ఉండదు. తెలుగులో మాట్లాడవచ్చు, మీవారికి ఒడియానే సులువైతే ఒడియాలోనూ మాట్లాడవచ్చు.