మూతబడ్డ మిల్లులో నాటకం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మూతబడిన బియ్యం మిల్లు గోడౌన్‌ను మా నాటక సమాజం అద్దెకు తీసుకుంది. పొడవు 60 అడుగులు, వెడల్పు 40, ఎత్తు 20. ఎంత గట్టిగా చెప్పినా డైలాగు మోతలో కలిసిపోతోంది. ఇంకో రెండు మైకులు పెడితే సరిపోతుందా? (ఒక కార్యదర్శి, నెల్లూరు)

జవాబు: వద్దు. మైకులు పెరిగితే మోత కూడా పెరుగుతుంది. వడ్ల బస్తాలు దొంతరలుగా పేర్చి ఉన్నన్నాళ్లూ శబ్దాన్ని అవే పీల్చేవి. ఇప్పుడు మిగిలినవి ఇటుక గోడ, సిమెంటు గచ్చు, రేకు. వీటిలో ఏదీ పెద్దగా పీల్చదు.

లెక్క వేసి చూడండి. మీ గోడౌన్ 48,000 ఘనపుటడుగులు. దాన్ని 0.049తో (అడుగుల్లో లెక్కకు వాడే స్థిరసంఖ్య) గుణిస్తే సుమారు 2,350. దీన్ని హాలు పీల్చే శక్తితో భాగిస్తే మోత ఎన్ని సెకన్లు నిలుస్తుందో వస్తుంది. గోడలు, గచ్చు, కప్పు కలిపి 8,800 చదరపు అడుగులు. గట్టి ఉపరితలం నూటికి నాలుగు వంతులే పీలుస్తుంది కాబట్టి హాలు శక్తి 352. అంటే ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు 6.7 సెకన్ల మోత. 150 మంది కూర్చుంటే, మనిషికి 5 చొప్పున కలిపినా, 2 సెకన్ల పైమాటే. సాంఘిక నాటికకు 1.2 సెకన్లు దాటకూడదు. పద్యనాటకానికైతే 1.6 దాకా ఫరవాలేదు, రాగం తీసినప్పుడు ఆ కాస్త మోత అందంగానే ఉంటుంది.

1.2కు దిగాలంటే హాలు శక్తి 1,960 కావాలి. జనంతో కలిపి మీకున్నది 1,100. తక్కువైన 860ని మందపాటి గుడ్డతో పూడ్చాలి. గుడ్డ సగం పీలుస్తుందనుకుంటే దాదాపు 1,700 చదరపు అడుగుల గోడను కప్పాలి. కుచ్చులు పెట్టి వేలాడదీయాలి కాబట్టి గుడ్డ దానికి రెట్టింపు తీసుకోండి. కొనక్కర్లేదు, షామియానా సప్లయర్స్ దగ్గర పెళ్లిళ్ల జంపఖానాలు అద్దెకు దొరుకుతాయి. గోడకు అతికించినట్టు కాకుండా నాలుగంగుళాలు ఎడంగా కట్టండి. ఆ ఎడం లేకపోతే మగవాళ్ల గొంతులోని బొంగురు మోత తగ్గదు. ముందు వేదికకు ఎదురుగా ఉన్న వెనక గోడ, తర్వాత పక్క గోడల వెనక సగం. వేదిక దగ్గరి గోడల్ని వదిలేయండి, నటుడి గొంతును జనం మీదికి తోసేది అవే.

స్పీకర్లు వేదిక మీద రెండు పెద్దవి పెట్టే బదులు చిన్నవి నాలుగు, జనానికి దగ్గరగా, తక్కువ సౌండుతో పెట్టండి. కప్పు సిమెంటు రేకైతే దానికి డ్రిల్లు పెట్టకండి, ఆస్‌బెస్టాస్ పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. ఇనుప దూలాలకే కట్టండి.

ఇంత గుడ్డంటే నిప్పు భయం కూడా ఉంది. 10 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో 700 గ్రాముల వెలిగారం, 300 గ్రాముల బోరిక్ పౌడర్ కరిగించి, గుడ్డను ముంచి ఆరేయండి. చిన్న పీలిక కోసి బయట అగ్గిపుల్లతో పరీక్షించండి. పుల్ల తీయగానే మంట ఆరిపోవాలి. ఉతికినా, వానకు తడిసినా మందు పోతుంది, మళ్లీ ముంచాలి. అద్దె జంపఖానాలకైతే సప్లయర్‌ను ముందే అడగండి.

ప్రశ్న: మిల్లు త్రీఫేజ్ కనెక్షన్ అలాగే ఉంది. లైట్లు, సౌండు దానికే కలపొచ్చా? (కావలి)

జవాబు: రెండు చిక్కులున్నాయి. మొదటిది, అది పరిశ్రమల కేటగిరీ సర్వీసు. టికెట్ పెట్టి ప్రదర్శనలు వేస్తే వాణిజ్య కేటగిరీకి మార్పించాలి. మార్పించకపోతే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకంగా లెక్కగట్టి, రెట్టింపు టారిఫ్‌తో బిల్లు వేస్తారు.

రెండోది ఇంకా ప్రమాదం. మిల్లు మోటార్లకు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) అక్కర్లేదు, అందుకే పాత వైరింగ్‌లో అది సన్నగానో, వదులుగానో ఉంటుంది. మీ లైట్లు, ఆంప్లిఫయర్లన్నీ సింగిల్ ఫేజ్. న్యూట్రల్ ఊడిందంటే 230 వోల్టుల మీద నడవాల్సిన వస్తువుకు 400 దాకా తగులుతుంది. కాలేది ముందు ఆంప్లిఫయరే. ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్‌ను ఫేజు వైరంత మందంతో కొత్తగా లాగించి, లోడు మూడు ఫేజులకూ సమంగా పంచండి. 1,000 వాట్ల లైట్లు తొమ్మిదుంటే ఫేజుకు మూడు, అంటే 13 ఆంపియర్లు. సౌండుకు వేరే సర్క్యూట్.

ప్రశ్న: సముద్రానికి దగ్గరలో పాత గోడౌన్‌లో బొమ్మల ప్రదర్శన పెడుతున్నాం. కాన్వాసుల వెనక బూజు, మేకులకు తుప్పు. ఏసీ పెట్టినా ఆగలేదు. (కొత్తపట్నం)

జవాబు: ఏసీని పగలు వేసి రాత్రి ఆపేస్తున్నట్టున్నారు. చల్లబడిన గోడ మీదికి రాత్రి ఉప్పుగాలి వచ్చి చెమర్చుతుంది, ఆ చెమ్మే బూజుకు తిండి. వేస్తే రోజంతా వేయండి, లేదంటే ఏసీ మానేసి ఫ్యాన్లు తిప్పండి. తేమ 65 శాతం దాటకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు కాబట్టి ప్రదర్శన జనవరి తర్వాతే మేలు.

చవక తేమమీటర్లు అబద్ధాలు చెబుతాయి. ఒక సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దయ్యేంత వరకే నీళ్లు చిలకరించి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచండి. పొద్దున 75 చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరు అయిదు తక్కువ చెబుతోందన్నమాట.

ఫ్రేము వెనక కింది మూలల్లో అరంగుళం బిరడా ముక్కలు అతికిస్తే గోడకూ బొమ్మకూ మధ్య గాలి ఆడుతుంది. మేకులు, కొక్కేలు ఇత్తడివో, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువో వాడండి. ప్రదర్శన అయ్యాక బొమ్మల్ని ప్లాస్టిక్ కవర్లలో బిగించొద్దు, పాత నూలు దుప్పట్లు చాలు.

ప్రశ్న: మిల్లు గోడలకు వేసిన సున్నం పెచ్చులూడుతోంది. (ఒంగోలు)

జవాబు: గోడలో తవుడు నూనె ఉంది. 10 లీటర్ల వేడినీళ్లలో పావుకిలో బట్టల సోడా కలిపి, చేతులకు గ్లవుజులు వేసుకుని బ్రష్‌తో రుద్ది, రెండుసార్లు కడిగి, పది రోజులు ఆరనివ్వండి. గచ్చు పగుళ్లలో ముక్కిపోయిన తవుడు కూడా గీకి తీయించండి. అది ఉన్నంతకాలం వాసనా పోదు, పురుగులూ పోవు.

ప్రశ్న: మా ప్రదర్శనలో ఉదయగిరి చెక్క గరిటెలు అమ్ముతాం. కొన్నవాళ్లు పగిలాయంటున్నారు. (ఉదయగిరి)

జవాబు: నీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరబెడుతున్నారు. కడిగిన వెంటనే తుడిచి నీడలో పెట్టమని చీటీ రాసి గరిటెకు కట్టండి. నెలకోసారి మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ పలచగా రుద్దమని కూడా అందులోనే రాయండి. వంటనూనె రాస్తే కొన్నాళ్లకు జిడ్డుకట్టి కంపు కొడుతుంది.