వైఫై కనబడకపోతే ఫార్మాట్ కొట్టించేస్తారా?

ప్రశ్న: మా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. రాత్రి పడుకునేదాకా నెట్ బాగానే వచ్చింది, పొద్దున ఆన్ చేస్తే కింద మూలన వైఫై గుర్తు పోయి గ్లోబు బొమ్మ వచ్చింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే అసలు వైఫై అన్న లైనే లేదు. ఫోన్లకి మాత్రం అదే వైఫై శుభ్రంగా వస్తోంది. షాపులో చూపిస్తే విండోస్ మళ్లీ వేయాలి, ఫైళ్లు పోవచ్చు అన్నారు. వచ్చే వారం కాలేజీ ప్రాజెక్టు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.
- డిగ్రీ విద్యార్థిని, తణుకు

జవాబు: ఆ ఫార్మాట్ మాట ముందు పక్కన పెట్టండి. ఫోన్లకి వస్తోందంటే రూటర్ బాగానే ఉన్నట్టు. మీరు రాసినదాంట్లో పనికొచ్చే ముక్క ఏమిటంటే 'వైఫై అన్న లైనే లేదు' అన్నది. వైఫై బటన్ ఉండి, కింద లిస్టు ఖాళీగా ఉంటే ఏరోప్లేన్ మోడ్ చూడండి, కీబోర్డు మీద టవర్ బొమ్మ ఉన్న కీ నొక్కండి అని చెప్పేవాణ్ని. లైనే మాయమైందంటే లోపలున్న వైఫై కార్డు విండోస్ కంటికి ఆనడం లేదన్నమాట. ఆ కార్డు ఇరుక్కుపోయి, అంటే హ్యాంగ్ అయి ఉండొచ్చు, దాని డ్రైవర్ (కార్డుని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) పాడై ఉండొచ్చు, లేదా కార్డే పోయి ఉండొచ్చు. ఇదే వరసలో చూసుకుంటూ వెళ్లండి.

మొదట ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకి, మౌస్, పెన్‌డ్రైవ్ లాంటివన్నీ తీసేసి, పవర్ బటన్ 30 సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. మధ్యలో లైటు వెలిగినా వేలు తీయకండి. తర్వాత చార్జర్ పెట్టి మామూలుగా ఆన్ చేసి, వైఫై వచ్చినా రాకపోయినా ఒకసారి రీస్టార్ట్ కూడా చేయండి. రోజూ షట్‌డౌన్ చేస్తూనే ఉన్నాను కదా అంటారేమో. విండోస్ 8 నుంచీ ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ తన లోపలి స్థితిని డిస్కులో దాచుకుని మర్నాడు అక్కడి నుంచే మొదలుపెడుతుంది కాబట్టి, రాత్రి ఇరుక్కున్న డ్రైవర్ పొద్దున కూడా అలాగే ఇరుక్కుని లేస్తుంది. రీస్టార్ట్ కొడితే అంతా కొత్తగా మొదలవుతుంది. చాలామందికి కథ ఇక్కడితోనే అయిపోతుంది.

అవ్వకపోతే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైర్‌లెస్ అనో, వైఫై అనో, 802.11 అనో ఉన్న లైను వెతకండి, పక్కన ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్ లాంటి పేరు ఉంటుంది. దాని మీద పసుపు త్రికోణం కనబడితే సంతోషించండి, కార్డు ఉంది, డ్రైవరే తేడా. ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ బటన్ నొక్కడానికి వీలుగా ఉంటే నొక్కండి, రాత్రికి రాత్రి వచ్చిన అప్‌డేట్ వల్ల చెడితే పాత డ్రైవర్ వెనక్కి వస్తుంది. ఆ బటన్ మసకగా ఉంటే అన్‌ఇన్‌స్టాల్ డివైస్ కొట్టి రీస్టార్ట్ చేయండి, కానీ అక్కడ డ్రైవర్‌ను కూడా తీసేయమంటారా అని అడిగే చిన్న గడిలో మాత్రం టిక్ పెట్టకండి. కొత్త డ్రైవర్ చేతిలో లేకుండా ఉన్నదీ పోగొట్టుకుంటే ఇంకో తలనొప్పి.

కొత్తది తెచ్చుకోవాలంటే నెట్ కావాలి, నెట్ లేకే కదా ఈ గోలంతా! మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫోన్‌లో హాట్‌స్పాట్ సెట్టింగ్స్ దగ్గరుండే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. వైఫై కార్డుతో సంబంధం లేకుండా ల్యాప్‌టాప్‌కి నెట్ వచ్చేస్తుంది. చాలా ఫోన్లలో ఇంటి వైఫైనే కేబుల్ గుండా పంపొచ్చు, మొబైల్ డేటా కూడా ఖర్చు కాదు. ప్రాజెక్టు పని కూడా ఈలోగా ఇలాగే కానిచ్చేయండి. డ్రైవర్‌ని ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచే, అడుగున స్టిక్కర్ మీదున్న మోడల్ నంబర్ కొట్టి దించుకోండి. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో సరిచేస్తామని చెప్పుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు, అవి చేసే మేలు కంటే చెత్తే ఎక్కువ.

ఇక ఆ లైను అసలు లేదు, వ్యూ మెనూలో హిడెన్ డివైసెస్ చూపించమంటే పేరు వెలిసిపోయినట్టు కనబడుతోంది లేదా అక్కడా లేదు అంటే, కార్డు ఊడిందో, చచ్చిందో అనుకోవాలి. అప్పుడు షాపుకెళ్లండి, కానీ విండోస్ వేయమని కాదు, కార్డు తీసి మళ్లీ కూర్చోబెట్టి చూడమని అడగండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఇది 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవుండే చిన్న ముక్క, ఒక స్క్రూ, రెండు సన్నటి వైర్లు, అంతే. కార్డే పోతే అదొక్కటే మార్చొచ్చు. బాగా పల్చటి మోడళ్లు కొన్నింటిలో దాన్ని బోర్డుకే అతికించేస్తారు, అలాంటప్పుడు యూఎస్‌బీ వైఫై డాంగిల్ (పెన్‌డ్రైవ్‌లా గుచ్చుకునే చిన్న వైఫై పరికరం) కొనుక్కోవడమే తెలివైన పని. ఏ దారిలో వెళ్లినా మీ ఫైళ్లకి ఢోకా లేదు.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ నుంచి తెచ్చిచ్చిన ల్యాప్‌టాప్‌లో పక్కింటివాళ్లవి, ఎదురింటివాళ్లవి వైఫై పేర్లన్నీ కనబడతాయి, మా ఇంటిది తప్ప. అమెరికా ల్యాప్‌టాప్ మన దగ్గర పనిచేయదా అండీ?
- రిటైర్డ్ టీచర్, కరీంనగర్

జవాబు: భేషుగ్గా పనిచేస్తుందండీ. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో మన దేశంలో 1 నుంచి 13 దాకా చానళ్లు (రేడియో స్టేషన్ల నంబర్లలాంటివి అనుకోండి) వాడుకోవచ్చు, అమెరికాలో మామూలుగా 11తోనే ఆగిపోతారు. అందుకని అక్కడ అమ్మే ల్యాప్‌టాప్‌లు కొన్ని 12, 13 చానళ్ల వైపు తొంగి కూడా చూడవు. మీ రూటర్ చానల్‌ను ఆటోలో పెట్టి ఉంటే అది ఖాళీగా ఉందని ఏ 13లోనో కూర్చుని ఉంటుంది. రూటర్ అడుగున స్టిక్కర్ మీద 192.168తో మొదలయ్యే అడ్రస్, పాస్‌వర్డ్ ఉంటాయి, ఫోన్ బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొట్టి లోపలికెళ్లి చానల్‌ను 1, 6, 11లో ఏదో ఒకటికి మార్చండి.

అప్పటికీ కనబడకపోతే రూటర్ కొత్తదా అని చూడండి. వైఫై 6 అనే కొత్త తరం రూటర్ల పేరును పాత డ్రైవర్లున్న కొన్ని ఇంటెల్ కార్డులు లిస్టులో చూపించవు, ఈ సంగతి ఇంటెలే చెప్పింది. డ్రైవర్ అప్‌డేట్ చేస్తే తేలిపోతుంది. అన్నట్టు ల్యాప్‌టాప్ మరీ పాతదై, 5 గిగాహెర్ట్జ్ పట్టుకోలేని కార్డు ఉంటే రూటర్ 5 గిగాహెర్ట్జ్‌లో పంపే వైఫై పేరు ఎప్పటికీ కనబడదు, రూటర్‌లో 2.4 కూడా ఆన్ చేసుకోవాలి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ హింజ్ (స్క్రీన్‌ని కింది భాగానికి కలిపే మడత బందు) విరిగితే బాగు చేయించాను. అప్పట్నుంచి రూటర్ పక్కన కూర్చుంటేనే వైఫై కనబడుతోంది, పక్క గదిలోకి వెళ్తే లిస్టు ఖాళీ. విండోస్ అప్‌డేట్ చేస్తే పోతుందా?
- ప్రైవేటు ఉద్యోగి, ఖమ్మం

జవాబు: పోదు. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై యాంటెన్నా స్క్రీన్ చుట్టూ ఉంటుంది, దాని వైర్లు హింజ్ లోంచే కిందికి దిగి కార్డుకి తగులుకుంటాయి. హింజ్ విప్పినప్పుడు వైరు తెగి ఉండాలి, లేదా కార్డు మీద నొక్కి పెట్టే ఆ బుల్లి గుండీలు మళ్లీ పెట్టడం మర్చిపోయి ఉండాలి. బాగు చేసిన షాపుకే తీసుకెళ్లి మీ ఎదురుగానే వెనక మూత తీయించి చూడండి. ఊడిన వైరు పెట్టడం రెండు నిమిషాల పని, దానికి మళ్లీ డబ్బు అడిగితే ఇవ్వకండి. తెగి ఉంటే మాత్రం యాంటెన్నా కేబుల్ మార్చాలి, అది ఎవరి చేతిలో తెగిందో వాళ్లతోనే మాట్లాడుకోండి.