ఏ విమానం అన్నది తర్వాత, ముందు అత్యవసర నిధి ఎక్కడ?

ప్రశ్న: ఏడు నెలల తర్వాత నేను, నా భార్య, ఎనిమిదేళ్లు, నాలుగేళ్ల పిల్లలు ఇద్దరూ కలిసి వారం రోజులు విదేశీ విహారయాత్రకు వెళ్దామనుకుంటున్నాం. పెద్ద విమానయాన సంస్థలో అయితే మొత్తం దారికి ఒకే టికెట్. రెండు బడ్జెట్ సంస్థల్లో విడివిడిగా కొంటే 38 శాతం తక్కువకు వస్తోంది, మధ్యలో మూడు గంటల వ్యవధి ఉంటుంది. బడ్జెట్ విమానాల్లో వెళ్లినా యాత్ర మొత్తానికి మా ఇంటి రెండున్నర నెలల ఖర్చంత అవుతుంది. 16 శాతం వడ్డీకి, 12 నెలల వాయిదాలతో పర్సనల్ లోన్ మంజూరైంది. ఇంట్లో నా ఒక్కడి జీతమే. అందులో 40 శాతం పాత ఈఎంఐలకే పోతుంది. పొదుపు ఖాతాలో నెలన్నర ఖర్చుకు సరిపడా డబ్బుంది. బడ్జెట్ విమానాలు ఎంచుకుంటే మిగిలే డబ్బు వాయిదాలకు కలిసొస్తుంది కదా?

జవాబు: సూటిగా చెబుతున్నాను, ఆ లోన్ తీసుకోకండి. మంజూరైందని మెసేజ్ వచ్చినంత మాత్రాన తీసుకు తీరాలని లేదు. డబ్బు ఖాతాలో పడకముందే వద్దని రాతపూర్వకంగా చెప్పేయండి. ఇలాంటి ప్రశ్నలు చాలా వస్తాయి. ఎక్కువమంది చేసే పొరపాటు కూడా మీ ప్రశ్నలోనే ఉంది: టికెట్ మీద మిగిలిన దాన్ని చూసుకుని, అప్పు మీద పోయేదాన్ని, చేతిలో చాలినంత లేని అత్యవసర నిధిని మర్చిపోవడం.

ముందు టికెట్ లెక్క చూద్దాం. పెద్ద సంస్థ టికెట్ మనిషికి 100 అనుకుంటే నలుగురికి 400. బడ్జెట్‌లో మనిషికి 62 చొప్పున 248. తేడా 152 కనిపిస్తోంది. కానీ ఆ 248లో ఉన్నది సీటు, సీటు కింద పట్టే చిన్న సంచి మాత్రమే. వారం రోజుల ప్రయాణానికి నలుగురికి కనీసం మూడు చెక్-ఇన్ బ్యాగులు కావాలి. పోను, రాను కలిపి 54 వేసుకోండి. నాలుగేళ్ల పిల్లను వేరే వరుసలో కూర్చోబెట్టలేరు కాబట్టి సీట్ల ఎంపికకు 16. తిండి, నీళ్లకు 12. బడ్జెట్ సంస్థలు చాలాచోట్ల ఊరికి దూరంగా ఉన్న విమానాశ్రయంలో దింపుతాయి. పారిస్ పేరుతో అమ్మే బోవే విమానాశ్రయం నగరానికి 80 కిలోమీటర్లకు పైగా, ఫ్రాంక్‌ఫర్ట్ పేరుతో అమ్మే హాన్ సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఆ దారి ఖర్చుకు 26. మొత్తం 356 అయింది. 152 అనుకున్న తేడా 44కు దిగింది. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవి. మీ రెండు సంస్థల చెల్లింపు పేజీల్లో చివరిదాకా వెళ్లి, బ్యాగులూ సీట్లూ ఎంచుకున్నాక వచ్చే మొత్తాలను ఇదే పద్ధతిలో కాగితం మీద రాయండి. ఆ పేజీల్లో ముందే టిక్ పెట్టి ఉంచిన అదనపు సేవలుంటే తీసేయండి.

ఇప్పుడు లోన్. ఇదే కొలతలో మీ యాత్ర మొత్తం 1,000 అనుకుందాం. 16 శాతానికి 12 నెలల వాయిదా నెలకు సుమారు 91 పడుతుంది. వడ్డీయే 89 దాకా. 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఇంకో 20. అంటే టికెట్లలో 44 మిగిల్చి, అప్పుకు 109 కడతారు. వాయిదాలకు కలిసిరావడం మాట దేవుడెరుగు, పెద్ద సంస్థలో టికెట్ కొనగలిగిన తేడా మొత్తం, దాని మీద మరో 65, అప్పిచ్చిన వాడికే వెళ్తోంది. లోన్ తీసుకున్నాక ఏడాది పాటు, యాత్ర ఫొటోలు పాతబడిపోయాక కూడా, జీతం పడిన రోజే ఆ 91 కోత పడుతూనే ఉంటుంది. ఇప్పటికే 40 శాతం కోత ఉన్న ఇంట్లో విహారానికి అప్పు చేయడాన్ని నేను ఏ రూపంలోనూ ఒప్పుకోను. ‘ఇప్పుడు ప్రయాణం, తర్వాత చెల్లింపు’ అన్నా, కార్డు బాకీని వాయిదాలుగా మార్చుకోమన్నా, అదీ అప్పే.

వడ్డీ ఒక్కటే సమస్య అయితే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. అసలు భయం మీరు చెప్పిన ఆ మూడు గంటల వ్యవధిలో ఉంది.

ఒకే టికెట్ మీద రెండు విమానాలు ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత సంస్థది. విడివిడి టికెట్లతో ఆ బాధ్యత మీ నెత్తిన పడుతుంది. నిమిషాలు లెక్కపెట్టండి. మొదటి విమానం 50 నిమిషాలు ఆలస్యం అనుకుందాం. దిగాక ఇమిగ్రేషన్ వరుసలో 45, బ్యాగులు బెల్టు మీదకు రావడానికి 30, పిల్లలతో, సామానుతో ఇంకో టెర్మినల్‌కు మారడానికి 20. మొత్తం 145 నిమిషాలు. 180లో మిగిలినవి 35. రెండో సంస్థ బ్యాగుల కౌంటర్ మామూలుగా బయలుదేరే వేళకు 60 నిమిషాల ముందే మూసేస్తుంది. విమానం ఇంకా గేటు దగ్గరే కనిపిస్తుంటుంది, మీరు మాత్రం ఎక్కలేరు. ప్రయాణికుడు రాలేదని, ఆ టికెట్ ‘నో షో’ కింద పోతుంది. పైగా బ్యాగులు తీసుకోవడానికి ఆ దేశంలోకి అడుగు పెట్టాలి కాబట్టి, మధ్యలోని ఆ దేశానికి వీసా కావాలేమో ముందే చూసుకోవాలి. వీసా కావలసి ఉండి లేకపోతే మొదటి విమానమే ఎక్కనివ్వకపోవచ్చు.

ఆ రాత్రి మీకు కావలసినవి నలుగురికి అప్పటికప్పుడు కొనే టికెట్లు, ఒక గది, భోజనాలు. ఇది ఎంతవుతుందో ఊహించుకోనక్కర్లేదు. ఈ సాయంత్రమే అదే దారిలో రేపటి తేదీకి నలుగురికి ఒకవైపు టికెట్ ధర వెతకండి. దానికి రెండు రాత్రుల గది అద్దె కలపండి. ఆ మొత్తాన్ని మీ నెలన్నర పొదుపు పక్కన పెట్టి చూడండి. చాలావరకు తుడిచిపెట్టుకుపోతుందని మీకే అర్థమవుతుంది. తిరిగొచ్చాక జీతం ఒక నెల ఆగినా, పిల్లల్లో ఎవరికైనా ఆసుపత్రి అవసరం పడినా, చేతిలో ఏమీ ఉండదు, వాయిదా మాత్రం ఉంటుంది. బడ్జెట్ టికెట్ ధర తగ్గిందంటే, సంస్థ మోయాల్సిన రిస్క్‌లో కొంత మీకు బదిలీ అయిందని అర్థం. అత్యవసర నిధి ఉన్నవాడికి అది మంచి బేరం. మీ దగ్గర అంత నిధి లేదు.

బడ్జెట్ విమానాలు భద్రత లేనివని నేను అనడం లేదు. చాలా సంస్థలు వాడేది పెద్దవాళ్లు వాడే ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737 కుటుంబాలనే. నిబంధనలూ వాటికీ వీటికీ ఒకటే. తేడా అంతా ఏదైనా తప్పినప్పుడే. నేల మీద సుమారు అరగంటే ఆగి ఒకే విమానం రోజుకు చాలా ట్రిప్పులు తిరుగుతుంది. పొద్దున జరిగిన ఆలస్యం రాత్రి ట్రిప్పుకు పేరుకుపోతుంది. ఆ దారిలో వారానికి మూడే సర్వీసులుంటే, రద్దయిన విమానానికి బదులు రెండు మూడు రోజుల తర్వాతిది ఇస్తారు. పెద్ద సంస్థకు రోజుకు రెండు మూడు సర్వీసులు, భాగస్వామి సంస్థల్లో ఎక్కించే ఒప్పందాలు ఉంటాయి.

చట్టం ఇచ్చే రక్షణలో మాత్రం బడ్జెట్, పెద్ద అన్న భేదం లేదు. ఐరోపా సమాఖ్య విమానాశ్రయాల నుంచి బయలుదేరే విమానాలకు 261 నిబంధన కింద, సంస్థ తప్పువల్ల చివరి నిమిషంలో రద్దయినా, గమ్యానికి మూడు గంటలకు మించి ఆలస్యమైనా, దూరాన్నిబట్టి 250 నుంచి 600 యూరోల పరిహారం రెండింటికీ వర్తిస్తుంది. బ్యాగు పాడైతే, అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 7 రోజుల్లో, ఆలస్యంగా చేతికొస్తే అందిన రోజు నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కానీ పరిహారం చేతికి అందడానికి వారాలు, నెలలు పడుతుంది. గది అద్దె ఆ రాత్రే కట్టాలి. మధ్యలో ఆదుకునేది నిధి ఒక్కటే, అందుకే మళ్లీ మళ్లీ అక్కడికే వస్తున్నాను.

సంస్థే మూతపడితే? బడ్జెట్ సంస్థల్లో మోనార్క్ 2017 అక్టోబరులో, వావ్ ఎయిర్ 2019 మార్చిలో, గో ఫస్ట్ 2023 మేలో ఉన్నట్టుండి ఆగిపోయాయి. పెద్దవాళ్లకు ఇది జరగదని కాదు, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగింది. ఏడు నెలల ముందే అప్పు చేసి టికెట్ కొంటే, ఎగరని విమానానికి కూడా వాయిదాలు కడతారు. బ్యాంకుకూ విమానానికీ సంబంధం లేదు. ప్రయాణ బీమా ఉంది కదా అనకండి. విమాన సంస్థ దివాలాను, మీరే కలుపుకున్న విడి టికెట్ల కనెక్షన్ తప్పిపోవడాన్ని చాలా పాలసీలు మినహాయిస్తాయి. కొనేముందు మినహాయింపుల పేజీలో ఈ రెండు మాటల కోసమే వెతకండి.

బడ్జెట్ విమానం నిజంగా కలిసొచ్చే సందర్భం ఒకటుంది. నేరుగా వెళ్లే విమానం, మూడు నాలుగు గంటల లోపు ప్రయాణం, ఆ దారిలో రోజూ సర్వీసులు, చేతి సంచులతోనే సరిపోయే మూడు నాలుగు రోజుల బస. ఆ రోజు మొదటి విమానం ఎంచుకోండి. చాలా సంస్థల్లో పైన పెట్టే సంచికి పరిమితి 7 కిలోలు. చక్రాల సూట్‌కేస్ ఖాళీగానే మూడు కిలోల దాకా తూగుతుంది, అంటే బట్టలకు మిగిలేది నాలుగే. మెత్తటి సంచి వాడితే రెండు కిలోలు కలిసొస్తాయి. కొలతలో చక్రాలు, పిడి కూడా లెక్కే. ఇంట్లోనే వేలాడదీసే తూకంతో చూసుకోండి. గేటు దగ్గర పట్టుబడితే ఆన్‌లైన్‌లో కట్టేదానికి ఎన్నో రెట్లు వసూలు చేస్తారు. పవర్ బ్యాంకు మాత్రం చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయండి, సవరణకు కూడా ఫీజు ఉంటుంది.

పెద్ద సంస్థల్లో కూడా ఇప్పుడు బ్యాగు లేని ‘లైట్’, ‘బేసిక్’ ధరలు అమ్ముతున్నారు. లోగో చూసి కొంటే మోసపోతారు, ధర కింద ఉన్న నిబంధనలు చదవండి. విమాన సంస్థ ఇచ్చే మైళ్లు, రివార్డు పాయింట్లు ఉంటే వాడుకోండి, వాటి కోసం కొత్త కార్డు తీసుకోకండి.

ఇక మీరు చేయాల్సింది. వాయిదాగా కట్టడానికి సిద్ధపడ్డ ఆ 91ని ప్రతి నెలా జీతం పడిన మర్నాడే వేరే ఖాతాలోకి పంపండి. ఇదే కొలతలో మీ నెల ఖర్చు 400, పొదుపు 600. ఏడు నెలల్లో ఆ నిధి మూడు నెలల ఖర్చుకు, అంటే దాదాపు 1,200కు చేరుతుంది. ఒకే జీతం ఉన్న ఇంటికి ఆరు నెలలది కావాలి, కానీ మూడు దాటాక యాత్ర గురించి ఆలోచించవచ్చు. ఎనిమిదో నెల నుంచి అదే 91ని యాత్ర ఖాతాకు మళ్లించండి. ఆరు నెలలకు 500 పైచిలుకు జమ అవుతుంది, అది మీరు అనుకున్న ఖర్చులో సగం. నేరుగా విమానం ఉన్న దగ్గరి చోటుకు, నాలుగు రోజులకు అది సరిపోతుంది. అప్పుడు బడ్జెట్ విమానమే ఎక్కండి. దూరపు యాత్రే కావాలంటే ఇంకో ఆరు నెలలు ఆగి, ఒకే టికెట్ మీద పెద్ద సంస్థలో వెళ్లండి. తేడాగా కట్టాల్సిన 44 అప్పటికి మీ సొంత డబ్బు. నిధి ఖాతాకు మాత్రం డెబిట్ కార్డు తీసుకోకండి, ప్రయాణంలో అవసరం పడితే ఫోన్ నుంచి మార్చుకునే ఏర్పాటు చాలు. టికెట్లు కొనేముందు నిధి ఖాతాలో ఎంతుందో మరోసారి చూడండి. మూడు నెలల ఖర్చుకు, దానిపైన మీరు ఈ సాయంత్రం లెక్కగట్టే అప్పటికప్పుడు టికెట్ల మొత్తానికి సరిపోకపోతే, యాత్రను మరో రెండు నెలలు వాయిదా వేయండి.