లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ బూట్ చేస్తే స్క్రీన్ నల్లబడుతోందా? ముందు ఏ దశలో ఆగిందో చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇది. 2023లో కొన్న ల్యాప్‌టాప్, ఇంటెల్ 13వ తరం ప్రాసెసర్, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ చిప్, లోపల విండోస్ 11. ఎప్పుడో 2022లో దించి పెట్టుకున్న ఉబుంటు (ఒక రకం లైనక్స్) 22.04 ఐఎస్ఓను, అంటే ఇన్‌స్టాల్ కోసం దించుకునే ఒకే పెద్ద ఫైల్‌ను, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించారు. గ్రబ్ మెనూ (ఏది బూట్ చేయాలో ఎంచుకునే మొదటి తెర) వస్తోంది. మొదటి వరుస మీద ఎంటర్ కొడితే లోగో ఒక్క క్షణం కనబడి, ఆ తర్వాత అంతా నలుపే. పెన్‌డ్రైవ్ పోయిందా, ల్యాప్‌టాప్‌కే ఏమైనా అయిందా అని అడిగారు.

రెండిటికీ ఏమీ కాలేదనే నా అంచనా. మీ ఐఎస్ఓ మీ ల్యాప్‌టాప్ కంటే పాతది, అసలు చిక్కు అక్కడుంది. 22.04 మొదటి ఐఎస్ఓలో ఉన్నది 5.15 కర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపే, లైనక్స్‌కు గుండెకాయ లాంటి భాగం), అది 2021 అక్టోబరు చివర్లో విడుదలైంది. ల్యాప్‌టాప్‌లకు ఆర్‌టీఎక్స్ 4050 వచ్చింది 2023 మొదట్లో. మీ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఆ కర్నెల్ తర్వాత వచ్చిందే. లైనక్స్‌తో పాటు వచ్చే ఎన్‌విడియా ఓపెన్ డ్రైవర్ పేరు నూవో. ఆర్‌టీఎక్స్ 40 వరుస చిప్‌లను నూవో గుర్తుపట్టడం 6.7 కర్నెల్‌తో, అంటే 2024 జనవరిలో మొదలైంది.

గ్రబ్ మెనూ దాకా స్క్రీన్‌ను నడిపేది ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డు చిప్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్), అంటే యూఈఎఫ్ఐ. దానికి ఏ డ్రైవరూ అక్కర్లేదు కాబట్టి మెనూ చక్కగా కనిపిస్తుంది. కర్నెల్ లోడయ్యాక గ్రాఫిక్స్ చిప్‌ను తన అధీనంలోకి తీసుకుని రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు తానే పెట్టుకుంటుంది. దీన్ని కర్నెల్ మోడ్ సెట్టింగ్ అంటారు. ఫర్మ్‌వేర్ చేతిలోంచి కర్నెల్ చేతిలోకి మారే ఆ క్షణంలోనే మీ బొమ్మ పోతోంది.

కొత్త ఐఎస్ఓ దించే ముందు రెండు చిన్న పరీక్షలు చేయండి, పది నిమిషాల పని. స్క్రీన్ నల్లబడ్డాక ముందు ఓపిగ్గా ఓ ఐదు నిమిషాలు ఆగండి. పాత యూఎస్‌బీ 2.0 పెన్‌డ్రైవ్ అయితే ఫైళ్లు చదవడానికే అంత సమయం పట్టొచ్చు. పెన్‌డ్రైవ్ లైటు మిణుకుతున్నంతసేపూ పవర్ బటన్ జోలికి పోకండి. తర్వాత క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే కర్నెల్ బతికే ఉంది, బొమ్మ ఒక్కటే రావడం లేదు. లైటు మారకపోతే సిస్టమ్ మొత్తం బిగుసుకుపోయినట్టు. దానంతటదే టపటపా కొట్టుకుంటుంటే కర్నెల్ ప్యానిక్, అంటే కోలుకోలేని తప్పుతో కర్నెల్ ఆగిపోయినట్టు.

రెండో పరీక్షకు ఫోన్ టార్చ్ చాలు. గదిలో లైటు ఆర్పి, టార్చ్‌ను స్క్రీన్‌కు బాగా దగ్గరగా, పక్క నుంచి ఏటవాలుగా పట్టి చూడండి. లీలగా డెస్క్‌టాప్, మౌస్ బాణం కనిపిస్తే బొమ్మ వస్తోంది, వెనకాల వెలుగు మాత్రమే లేదు. అది బ్యాక్‌లైట్ సమస్య, దాని మందు వేరు, కింద చెబుతాను. ఓఎల్ఈడీ స్క్రీన్‌కు విడిగా బ్యాక్‌లైట్ ఉండదు కాబట్టి దానికి ఈ పరీక్ష పనికిరాదు.

ఇక గ్రబ్ సంగతి. మెనూలో 'ఉబుంటు (సేఫ్ గ్రాఫిక్స్)' అనే వరుస ఉంటుంది, ముందు దాన్ని ప్రయత్నించండి. లైనక్స్ మింట్‌లో అయితే 'కంపాటిబిలిటీ మోడ్', ఫెడోరాలో ట్రబుల్‌షూటింగ్ కింద 'బేసిక్ గ్రాఫిక్స్ మోడ్'. ఇవి ప్రధానంగా చేసేది ఒకటే, కర్నెల్‌కు నోమోడ్‌సెట్ అనే మాట అందించడం. అదే పని చేత్తో చేయడం కూడా నేర్చుకోండి, ముందు ముందు చాలాసార్లు అక్కరకొస్తుంది.

మొదటి వరుస మీద నిలబడి, ఎంటర్ బదులు కీబోర్డులో ఇంగ్లిష్ ఐదో అక్షరం 'ఇ' నొక్కండి. నాలుగైదు వరుసల చిన్న ఎడిటర్ తెరుచుకుంటుంది. అందులో 'లైనక్స్' అనే మాటతో మొదలై, పక్కనే క్యాస్పర్, వీఎమ్‌లైనజ్ అని కనిపించే వరుస మీకు కావలసింది. దాని చివర 'క్వయట్ స్ప్లాష్' అని, ఆ పక్కన మూడు అడ్డగీతలు ఉంటాయి (24.04లో గీతలు ముందు, ఆ రెండు మాటలు తర్వాత). బాణం కీలతో అక్కడికి వెళ్లి ముందు క్వయట్, స్ప్లాష్ రెండూ చెరిపేయండి. మెసేజ్‌లను దాచేవి అవే. తర్వాత గీతలకు ముందు ఒక ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ అని టైప్ చేయండి. నో, మోడ్, సెట్ మూడు ఇంగ్లిష్ మాటలూ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కలిసిపోవాలి. ఎంటర్ కొట్టకండి, కొడితే వరుస రెండు ముక్కలవుతుంది. ఎఫ్10 గానీ, కంట్రోల్ పట్టుకుని ఎక్స్ గానీ నొక్కితే బూట్ మొదలవుతుంది. ఈ మార్పు ఈ ఒక్క బూట్‌కే. తప్పు టైప్ చేసినా నష్టం లేదు, రీస్టార్ట్ చేస్తే పాత వరుసే తిరిగొస్తుంది.

గీతలకు ముందే రాయమనడానికి కారణం ఉంది. ఉబుంటు, డెబియన్ ఇన్‌స్టాలర్లు ఆ గీతల తర్వాత ఉన్నవాటిని ఇన్‌స్టాలయ్యే సిస్టమ్ గ్రబ్‌లోకి కూడా కాపీ చేస్తాయి. నోమోడ్‌సెట్ అలా శాశ్వతంగా అంటుకుపోవడం మనకు అక్కర్లేదు. ఎందుకంటే దానితో వచ్చే బొమ్మ ఫర్మ్‌వేర్ ఇచ్చిన ఫ్రేమ్‌బఫర్ (బొమ్మను ఉంచే మెమరీ) మీదే నడుస్తుంది, గ్రాఫిక్స్ చిప్ చేయాల్సిన పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. తెర మీది విండోలు జరిపితే ఈడ్చినట్టుంటుంది, రిజల్యూషన్ మారదు, బ్రైట్‌నెస్ కీలు పనిచేయకపోవచ్చు, రెండో మానిటర్ రాదు. కొంతమంది దాన్నే మందు అనుకుని నెలల తరబడి అలాగే వాడుతూ 'లైనక్స్ నెమ్మది' అంటుంటారు. జ్వరం చూసే థర్మామీటర్ లాంటిది నోమోడ్‌సెట్. దానితో బొమ్మ వచ్చిందంటే తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్‌దని తేలినట్టు, అంతే.

మీ విషయంలో అసలు మందు కొత్త ఐఎస్ఓ. 22.04 మీదే ఉండాలనుకుంటే 22.04.5 దించండి, అందులో 6.8 కర్నెల్ ఉంది. 24.04 అయితే మొదటి ఐఎస్ఓలో 6.8, 24.04.2లో 6.11, 24.04.3లో 6.14. వెర్షన్ పేరు ఒకటే అయినా చివరి అంకె పెరిగేకొద్దీ లోపలి కర్నెల్ కొత్తదవుతుందని చాలామంది గమనించరు. ల్యాప్‌టాప్ ఎంత కొత్తదైతే ఐఎస్ఓ అంత కొత్తది కావాలి. పాప్ ఓఎస్ వాళ్లు ఎన్‌విడియా డ్రైవర్ ముందే కలిపిన ఐఎస్ఓను విడిగా ఇస్తారు, అదీ ఒక దారే.

దించాక షా256 (ఫైల్ చెడిపోలేదని చెప్పే వేలిముద్ర లాంటిది) సరిచూడండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్‌తో, లైనక్స్‌లో షా256సమ్‌తో వచ్చిన అంకెల వరుస, సైట్‌లో ఇచ్చిన దానితో ఒక్క అక్షరం తేడా లేకుండా కలవాలి. రూఫస్‌తో (ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌లోకి రాసే విండోస్ ప్రోగ్రామ్) రాసింది బూట్‌లో తేడా చేస్తే మళ్లీ రాసేటప్పుడు డీడీ మోడ్ (ఐఎస్ఓను ఉన్నదున్నట్టు కాపీ చేసే పద్ధతి) ఎంచుకోండి. వెంటాయ్ (పెన్‌డ్రైవ్‌లో పెట్టిన ఐఎస్ఓలను నేరుగా బూట్ చేసే సాధనం) వాడుతుంటే దాని మెనూలో గ్రబ్2 మోడ్ ప్రయత్నించండి. డీవీడీ ఆలోచన మానుకోండి. 24.04 ఐఎస్ఓ దాదాపు 6 జీబీ, మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ.

కొత్త ఐఎస్ఓతోనూ నలుపే వస్తే రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో నోమోడ్‌సెట్ కంటే మేలైన పద్ధతి ఒకటుంది. నోమోడ్‌సెట్ ఇంటెల్, ఎన్‌విడియా రెండిటినీ కట్టేస్తుంది. మనకు గొడవ నూవోతోనే కాబట్టి దాన్నొక్కదాన్నే ఆపాలి. అదే చోట నూవో, చుక్క, మోడ్‌సెట్, ఈక్వల్స్ గుర్తు, సున్నా అని మధ్యలో ఖాళీ లేకుండా రాయండి. నూవో ఫ్రెంచి మాట, స్పెల్లింగ్‌లో చాలామంది తప్పుతారు: ఎన్, ఓ, యూ, వి, ఇ, ఎ, యూ. ఇలా చేస్తే ఇంటెల్ గ్రాఫిక్స్ పూర్తి వేగంతో నడుస్తుంది, స్క్రీన్ సొంత రిజల్యూషన్‌లో వస్తుంది.

ఇది పనిచేయాలంటే ల్యాప్‌టాప్ స్క్రీన్ ఇంటెల్ చిప్‌కు కలిసి ఉండాలి. గేమింగ్ ల్యాప్‌టాప్‌ల బయాస్‌లో (ఫర్మ్‌వేర్ సెట్టింగ్‌ల తెరలో) గ్రాఫిక్స్ మోడ్ హైబ్రిడ్, డిస్క్రీట్ అని ఉంటుంది. డిస్క్రీట్‌లో పెట్టి ఉంటే స్క్రీన్ నేరుగా ఎన్‌విడియా చేతిలో ఉన్నట్టు, అప్పుడు నూవోను ఆపితే మీ స్క్రీన్‌ను మీరే ఆపుకున్నట్టు. హైబ్రిడ్‌కు మార్చండి. ఇంకో తిరకాసు: చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎమ్ఐ పోర్టు ఎన్‌విడియా చిప్‌కే కలిపి ఉంటుంది. బయట మానిటర్ పెట్టి చూస్తే అందులోనూ ఏమీ రాలేదు కాబట్టి మదర్‌బోర్డు పోయిందని తేల్చేయకండి.

బయాస్‌లోకి వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక, దయచేసి దాటేయకండి. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెట్టింగ్) మార్చారంటే తర్వాతి విండోస్ బూట్‌లో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ముందే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ చూసి కాగితం మీద రాసుకోండి. నిజానికి ఉబుంటు బూట్ కావడానికి సెక్యూర్ బూట్ ఆపనక్కర్లేదు. దానివల్ల బూట్ ఆగితే సాధారణంగా వెరిఫికేషన్ ఫెయిల్డ్ లాంటి మెసేజ్ కనిపిస్తుంది, ఇలా లోగో వచ్చి నల్లబడదు.

టార్చ్ పరీక్షలో బొమ్మ కనిపించినవాళ్లు ముందు బ్రైట్‌నెస్ పెంచే కీ పదిసార్లు నొక్కి చూడండి, ఒక్కోసారి వెలుగు సున్నా దగ్గర మొదలవుతుంది. అప్పటికీ రాకపోతే ఏసీపీఐ, అండర్‌స్కోర్, బ్యాక్‌లైట్, ఈక్వల్స్, ఆ తర్వాత నేటివ్ అని రాసి బూట్ చేయండి. పనిచేయకపోతే నేటివ్ బదులు వెండర్, ఆ తర్వాత వీడియో. ఒక బూట్‌కు ఒకటే మార్పు. ఎక్కడెక్కడో చూసిన ఆరేడు మాటలు ఒకేసారి గుమ్మరిస్తే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో ఎప్పటికీ తెలియదు.

డెస్క్‌టాప్ వాడేవాళ్లకూ ఒక మాట. గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు కేబుల్ మదర్‌బోర్డు పోర్టులో కాక కార్డు పోర్టులోనే ఉండాలి. ఎన్‌విడియా 900, 1000 వరుస కార్డుకు కొత్త డిస్‌ప్లేపోర్ట్ మానిటర్ పెట్టి, గ్రబ్ మెనూ కూడా కనిపించడం లేదంటే కార్డు ఫర్మ్‌వేర్ పాతది కావొచ్చు. దానికి ఎన్‌విడియా 2018లో ఒక అప్‌డేట్ సాధనం ఇచ్చింది. ఈలోపు హెచ్‌డీఎమ్ఐ కేబుల్‌తో పని నడుస్తుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు గ్రాఫిక్స్ కోసం థర్డ్ పార్టీ సాఫ్ట్‌వేర్ అనే గడికి టిక్ పెట్టండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమనొచ్చు. అలా పెట్టమంటే మొదటి రీస్టార్ట్‌లో నీలం రంగు తెర వస్తుంది, అక్కడ ఎన్‌రోల్ ఎమ్ఓకే, కంటిన్యూ, యస్ అని వెళ్లి ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర కొద్ది సెకన్లే ఉంటుంది. చూసుకోకపోతే ఎన్‌విడియా డ్రైవర్ లోడ్ కాదు, మళ్లీ నలుపు ఎదురుకావచ్చు.

ఇన్‌స్టాలయ్యాక నలుపు వస్తే గ్రబ్ మెనూ దాక్కుని ఉంటుంది. కంపెనీ లోగో పోయిన వెంటనే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. రెండు మూడుసార్లు నొక్కితే గ్రబ్ కమాండ్ వరుసలో పడతారు, అక్కడ నార్మల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే మళ్లీ ఒక్కసారి ఎస్కేప్ నొక్కితే మెనూ వస్తుంది. పైన చెప్పినట్టే ఒక్క బూట్‌కు నోమోడ్‌సెట్ పెట్టి లోపలికి వెళ్లి, టెర్మినల్‌లో సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్ (ఉబుంటుకు, డ్రైవర్స్‌కు మధ్య చిన్న గీత) కొట్టి రీస్టార్ట్ చేయండి. ఈసారి నోమోడ్‌సెట్ లేకుండా.

ఇవన్నీ చేసినా నలుపే అయితే క్వయట్, స్ప్లాష్ తీసేసి బూట్ చేసినప్పుడు ఆగిపోయిన చోట చివరి పది వరుసలు ఫోన్‌తో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని ఎఫ్3 నొక్కితే లాగిన్ వరుస వస్తోందా అన్నది కూడా రాయండి. వస్తే, పెన్‌డ్రైవ్ బూట్‌లో యూజర్ పేరు ఉబుంటు, పాస్‌వర్డ్ ఖాళీ. అక్కడ ఎల్ఎస్‌పీసీఐ, ఖాళీ, మైనస్ కె కొట్టి, వీజీఏ, త్రీడీ అన్న వరుసల కింద 'కర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' దగ్గర ఏముందో చూసి చెప్పండి. అసలు ఆ వరుసే లేకపోతే అదీ చెప్పండి, ఆ చిప్‌కు ఏ డ్రైవరూ అతుక్కోలేదని దాని అర్థం.