ముందు పతకం చూడు

చిరంజీవికి,

నెపోలియన్ సైనికులు ముసలితనంలో సైనిక దుస్తుల్లో దిగిన పదిహేను ఫొటోల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాళ్ళంటే నీకున్న ఆపేక్ష ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ మొదటి వాక్యంలోనే తప్పు దొర్లింది. "1815లో తీసిన ఫొటో" అన్నావు. డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతి సంగతి లోకానికి తెలిసిందే 1839లో. ఫొటో వివరంలో పేరు పక్కన కనిపించే ఏళ్ళు ఆ మనిషి సైన్యంలో పనిచేసిన కాలం. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

ఇలాంటి ఫొటో దొరికితే ముఖం కన్నా ముందు రొమ్ము మీది పతకం చూడు. పైన కిరీటం, మధ్యలో నెపోలియన్ తల ఉన్న కంచు బిళ్ళ అయితే అది సెయింట్ హెలీనా పతకం. 1792-1815 మధ్య పోరాడి ఇంకా బతికున్నవాళ్ళ కోసం ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ 1857 ఆగస్టులో దాన్ని ఏర్పాటు చేశాడు. కాబట్టి ఫొటో అంతకు ముందుది కాదు. ఇక వయసు లెక్క. 1809లో పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి, పతకం వచ్చిన మరుసటి ఏడాది 1858లో 67 ఏళ్ళు. "తొంభై దాటిన వృద్ధులు" అని నువ్వు రాసింది ఈ లెక్కకు నిలవదు.

రంగుల దగ్గర మరీ జాగ్రత్త. 1851లో వచ్చిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజు పలక మీది రసాయనం నీలం వెలుగును బాగా పట్టుకుంటుంది, ఎరుపును దాదాపు పట్టుకోదు. అందుకే ప్రింట్లో నీలం వెలిసినట్టు, ఎరుపు నల్లగా పడతాయి. నెపోలియన్ గార్డు దళంలోని గ్రెనేడియర్ (కాల్బలపు సైనికుడు) భుజాల మీది కుచ్చుల్ని నువ్వు "సంతాపంలాంటి నలుపు" అన్నావు. అవి ఎర్ర కుచ్చులు. పాపం, మంచి ఉపమానమే, కానీ కొట్టెయ్యాలి. రెండో హుస్సార్ల (తేలికపాటి గుర్రపు దళం) పైకోటు గోధుమ రంగు, కింది బిగుతు లాగు ఆకాశనీలం. ఆ లాగు ఫొటోలో ఎంత తెల్లగా కనిపించినా తెలుపని రాయకు. ఇప్పుడు రంగులద్దిన కాపీలు తిరుగుతున్నాయి, వాటినీ నమ్మకు. రెజిమెంటు పేరు పట్టుకుని ఆ రెజిమెంటు దుస్తుల నియమాలు వెతుకు.

"యుద్ధం ఆ ముఖాన్ని రాయిగా మార్చింది" అన్న వాక్యం కూడా తీసెయ్. ఆ రోజుల్లో కొన్ని సెకన్లపాటు కదలకుండా నిలబడాలి. తల కదిలితే ముఖం మసకబారుతుంది. అందుకే స్టూడియోల్లో తల వెనక ఇనుప ఆసరా పెట్టేవారు. ఆ కాలపు ఫొటోల్లో ఒక్కోసారి దాని పీట బూట్ల వెనక బయటపడుతుంది. ఆ బిగింపులో కెమెరా వాటా ఎంతో తెలియకుండా అదంతా యుద్ధం ఖాతాలో వేస్తే ఆ మనిషికే అన్యాయం.

కోటును గుండీ గుండీగా చూడు. ఇరవైల వయసులో కుట్టించిన కోటు అరవైల వయసులో నడుం దగ్గర పట్టేస్తుంది. గుండీల మధ్య అడ్డంగా ముడతలు లాగుతుంటే, చంక కింద వేరే బట్ట అతికి ఉంటే, ఆ సంగతి అలాగే రాయి. అచ్చంగా సరిపోయిందంటే విప్పి మళ్ళీ కుట్టించి ఉండొచ్చు, కొత్తగానే కుట్టించి ఉండొచ్చు. రుజువు లేకుండా "అదే కోటు" అనెయ్యకు.

కత్తి కుడివైపు వేలాడుతోందా? డాగెరోటైప్ అయితే అద్దంలోలా ఎడమ కుడి తారుమారవుతాయి. గాజు నెగెటివ్ నుంచి కాగితం మీదికి తీసిన ప్రింట్లో ఆ బెడద లేదు.

ఈ పదిహేను ఫొటోలూ అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ వారి ఆన్ ఎస్.కె. బ్రౌన్ మిలిటరీ కలెక్షన్‌లో ఉన్నాయి. నువ్వు వాడిన కాపీలో అంచులు కత్తిరించేశారు, బూట్లే లేవు. ఆ కలెక్షన్ స్కాన్ ముందు పెట్టుకో. రెండో హుస్సార్లలో 1814-15లో పనిచేసిన మోరె అనే సైనికుడి ఫొటోతో మొదలుపెట్టు. టోపీ నుంచి మడమ దాకా కంటికి కనిపించినవి మాత్రమే ఒక పేజీ రాసి పంపు. విశేషణాలు తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.