సంక్రాంతి ఆట చేస్తున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

నువ్వు పంపిన బిల్డ్, అదే నీ ఆట ట్రయల్ కాపీ, ఆడాను. నా పాత ఫోన్లో కూడా ఎక్కడా తడబడలేదు. పలక మీద వేలు పెట్టగానే అది కింద ట్రేలోకి జారడం, ఒకే రకంవి మూడు చేరగానే మాయమవడం చూడ్డానికి హాయిగా ఉంది. "ఇంకేం మార్చాలత్తా?" అని అడిగావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

ముందు పెద్ద మాట చెప్పేస్తాను. నీ ఆట ఇప్పటికి క్రిస్మస్ ఆటకి పట్టుపరికిణీ కట్టినట్టుంది. వెనకాల ముగ్గుంది, పైన మామిడి తోరణముంది, సన్నాయి మోగుతోంది. ఆట మాత్రం గంటలూ నక్షత్రాలూ ఏరుకునే ఆటలాగే ఉంది. పండగ అలంకారంలో ఉంది తప్ప వస్తువుల్లోకి సరిగా రాలేదు. ఈ ఆటలో మనిషి చూసేది వస్తువుల్నే. తోరణం వైపు మొదటి రోజు ఒక్కసారి చూస్తారేమో, అంతే.

క్రిస్మస్ బొమ్మలు ఈ రకం ఆటకి అంత బాగా ఎందుకు కుదురుతాయో గమనించు. చెట్టు త్రికోణం. నక్షత్రానికి కొనలుంటాయి. గంటకి నడుము, మేజోడుకి మడమ, కానుక డబ్బా మీద రిబ్బను. రంగు తీసేసినా, గోరంత చేసినా ఏది ఏదో తెలిసిపోతుంది. నువ్వు సంక్రాంతికి పెట్టినవి చూడు: అరిసె, బూరె, గారె, జంతిక, సకినం, సున్నుండ, బొబ్బట్టు. అన్నీ గుండ్రమే, దాదాపు అన్నీ గోధుమ రంగే. నీ మానిటర్ మీద అరచేతంత కనిపిస్తాయి కాబట్టి నీకు తేడా తెలుస్తోంది. ఫోన్లో చిన్నవయ్యాక సకినం చుట్లూ జంతిక చుట్లూ ఒకటే అయిపోతాయి. ఆడేవాళ్ళు జంతిక అనుకుని సకినం నొక్కుతారు, ట్రే నిండిపోతుంది, ఆట పోతుంది. ఇలాంటి ఆటలో నేను ఒప్పుకోలేనిది ఇదొక్కటే. మనిషి తన ఆలోచన తప్పి ఓడిపోతే మళ్ళీ ఆడబుద్ధవుతుంది. మన బొమ్మ తికమక పెట్టి ఓడిస్తే ఫోన్ పక్కన పడేస్తారు, పైగా తమకే చూపు సరిగా ఆనడం లేదేమో అనుకుంటారు. ఆ మాట వాళ్ళ చేత అనిపించకూడదు.

కాబట్టి పిండివంటల్లో గుండ్రంవి రెండే ఉంచు. గారె ఉండొచ్చు, దానికి చిల్లుంది. సకినం ఉండాల్సిందే, అది లేకపోతే తెలంగాణ ఇళ్ళలో ఇది మన పండగే కాదంటారు. దాన్ని తెల్లగా గియ్యి, మీద నువ్వులు కనిపించనియ్యి. జంతికల బదులు జంతికల గొట్టం పెట్టు. ఆ పిడులూ పొడుగాటి ఒళ్ళూ ఇంకే వస్తువుకీ లేవు. కజ్జికాయ మరిచిపోయావు! అర్ధచంద్రాకారం, అంచున మడతలు. ఇంత మంచి ఆకారం ఇంకో వంటకి లేదు. అరిసెని ఒక్కదాన్ని గియ్యకు, నూనె పిండే అరిసెల చెక్కల మధ్య పెట్టి చూపించు. అది చూడగానే ఆ వంటింటి వాసన తెలిసినవాళ్ళకి ప్రాణం లేచొస్తుంది.

తిండి బయట ఇంకా బోలెడుంది. గాలిపటం, దాని దారం చుట్టే చరకి, చెరుకు గడ, వరికంకి, చేట, పసుపుకొమ్ము కట్టిన పొంగలి కుండ, గుమ్మడికాయ, ఎద్దు మెడలో మువ్వల పట్టెడ. చరకి మీద దారం నూలు దారంలా, మెత్తగా కనిపించేలా గియ్యి. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా ఏటా పక్షుల రెక్కలూ మనుషుల మెడలూ తెగుతూనే ఉన్నాయి. నీ ఆటలో మెరిసే ప్లాస్టిక్ దారం నాకు కనిపించకూడదు.

హరిదాసునీ గంగిరెద్దులాయననీ పలకల మీద గీశావు. వాళ్ళని తీసెయ్యి తల్లీ. ముగ్గురు హరిదాసుల్ని ఏరి మాయం చెయ్యడం నా మనసుకి పట్టలేదు. వాళ్ళు వాకిట్లోకి వచ్చే మనుషులు, సరుకు కాదు. తంబుర గియ్యి, చిడతలు గియ్యి, తలమీది అక్షయపాత్ర గియ్యి. హరిదాసు మాత్రం లెవెల్ గెలిచాక వెనకాల వీధిలో నడిచి వెళ్ళాలి. గొబ్బెమ్మ కూడా అంతే. పూజ చేసేదాన్ని వేలితో పొడిచి మాయం చెయ్యడం చాలామందికి నచ్చదు. ముగ్గు మధ్యలో గుమ్మడిపువ్వుతో కూర్చోబెట్టు, బాగుంటుంది. కోడిపందెం జోలికి అసలు వెళ్ళకు.

బొమ్మలన్నీ అయ్యాక రెండు పరీక్షలు పెట్టు. అన్నిటినీ నల్ల సిరాతో నింపేసి, ఉత్త ఆకారాలు వరసగా పేర్చి ఎవరినైనా పేర్లు అడుగు. తర్వాత ఫోన్లో యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌కి వెళ్ళి తెరని నలుపు తెలుపు చేసి ఒక లెవెల్ ఆడు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మనుషులుంటారు, మగవాళ్ళలో మరీ ఎక్కువ. పచ్చి రేక్కాయకీ పండిన రేగుపండుకీ రంగొక్కటే తేడా అయితే నీ ఆట వాళ్ళకి తలుపు మూసేసినట్టే.

ఇక పలకలు పేర్చడం. ఇక్కడే నీకు ముగ్గు పనికొస్తుంది, వెనకాల బొమ్మగా కాదు. మీ నానమ్మ చుక్కలు పెట్టడం చూశావుగా, సరిచుక్క ఒక పద్ధతి, సందుచుక్క ఒక పద్ధతి. అడుగు వరసని సరిచుక్కగా పెట్టు. దాని మీది వరసలో ఒక్కో పలకా కింది నాలుగు పలకల సందు మీద కూర్చోవాలి. అడుగున 4 అడ్డం 4 నిలువు, పైన 3 అడ్డం 3, ఆ పైన 2 అడ్డం 2, చివర ఒకటి. 16, 9, 4, 1 కలిపితే 30. ఒకే రకంవి మూడు చేరడాన్ని ముడి అనుకుంటే సరిగ్గా పది ముడులు. పెద్ద లెవెల్‌కి 7 నుంచి 4 దాకా పేర్చు: 49, 36, 25, 16 కలిపితే 126, అది 42 ముడులు. మొత్తమే కాదు, ఒక్కో వస్తువు లెక్క కూడా మూడుతో తెగాలి. ఒక్కటి మిగిలినా ఆట పూర్తికాదు.

వెడల్పు చూసుకో. ఆండ్రాయిడ్ వాళ్ళు వేలు తగిలే చోటు కనీసం 48 డీపీ (తెర మీద సైజు కొలిచే యూనిట్) ఉండాలంటారు. ఏడు పలకలకి 336 అవుతుంది. 360 వెడల్పున్న ఫోన్లో సరిపోతుంది గానీ ఇరుకే. మొదటి పది పన్నెండు లెవెల్స్‌లో అడ్డం అయిదు దాటనివ్వకు.

ఇంకో లెక్క చెబుతాను, దీన్ని చాలామంది పట్టించుకోరు. నీ ట్రేలో ఏడు గళ్ళున్నాయి. లెవెల్లో మూడు రకాల వస్తువులే ఉంటే ఎవరూ ఓడిపోలేరు. ముడి పడకుండా ట్రేలో ఉండగలిగేది రకానికి రెండు, అంటే ఆరు. ఏడోది వచ్చేసరికి ఏదో ఒక ముడి పడే తీరుతుంది. నాలుగో రకం వచ్చాక ఎనిమిది దాకా అవకాశం ఉంటుంది కాబట్టి ఓటమి అప్పుడే మొదలవుతుంది. అందుకని మొదటి లెవెల్లో గాలిపటం, కుండ, చెరుకు గడ ఈ మూడే పెట్టు. వేలు పట్టి చూపించే ట్యుటోరియల్ తీసెయ్యొచ్చు. పెద్దవాళ్ళు బాణం గుర్తులు చూస్తే కంగారు పడతారు. ఓడిపోలేని లెవెల్ ఒకటి ఇస్తే వాళ్ళే నేర్చుకుంటారు.

పలకలకి బొమ్మలు లాటరీ తీసినట్టు పంచుతున్నావనుకుంటా, ఆరో లెవెల్ నాకు ఎంతకీ తేలలేదు. బొమ్మలు లేకుండా ఖాళీ పలకలు పేర్చు. మీద ఏమీ లేని పలక ఒకటి తియ్యి. అది తీశాక బయటపడ్డవాటిలోంచి ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి. ఆ మూడింటికీ ఒకే బొమ్మ ఇవ్వు. పలకలన్నీ అయిపోయేదాకా ఇలాగే చేస్తే గెలిచే దారి కనీసం ఒకటి ఖాయంగా ఉంటుంది. కష్టం పెంచాలంటే మూడు వస్తువుల వరసల్ని ఒకదానిలో ఒకటి అల్లు, ట్రేలో అయిదారు గళ్ళు నిండాక గానీ ముడి పడకుండా చెయ్యి. ఆడుతుండగా అడుగున ఉన్న పలకల బొమ్మల్ని గుట్టుగా మార్చడం మాత్రం ఎన్నడూ చెయ్యకు, ఎవరు సలహా ఇచ్చినా సరే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతి. చైనా మాజాంగ్ పలకలతో జతలు తీసే ఆట తెలుసుగా, 144 పలకలది. అందులో నాలుగు రుతువుల పలకలుంటాయి. ఏ రెండు బొమ్మలూ ఒకటి కాదు, అయినా ఒకదానితో ఒకటి జత కడతాయి. మనకి అంతకంటే అందమైనది ఉంది, భోగిపళ్ళు. రేగుపండు, చెరుకు ముక్క, నాణెం, మూడూ వేరువేరు. ట్రేలో ఈ మూడూ చేరితే భోగిపళ్ళయి గలగలా రాలాలి. రేగుపళ్ళు మూడు చేరితే ఏమీ కాకూడదు. ఇరవై లెవెల్స్ దాటాక దీన్ని తీసుకురా. అప్పటిదాకా "ఒకేలాంటివి మూడు" అని అలవాటైన కన్ను ఒక్కసారి ఆగి ఆలోచిస్తుంది. ఇలాంటి లెవెల్‌ని వేరే పండగ ఆట నుంచి బొమ్మలు మార్చి తయారుచెయ్యలేరు. పండగ వస్తువుల్లోకి రావాలని నేను అన్నది దీని గురించే.

ఆ మాజాంగ్ ఆటని కంప్యూటర్లోకి తెచ్చినాయన పేరు బ్రోడీ లాకార్డ్. జిమ్నాస్టిక్స్ ప్రమాదంలో మెడ కింది నుంచి ఒళ్ళు చచ్చుబడిపోతే, నోటితో పుల్ల పట్టుకుని 1981లో ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ మీద దాన్ని రాశాడు. తర్వాత 1986లో యాక్టివిజన్ సంస్థ షాంఘై అనే పేరుతో అమ్మింది. టైమర్ లెవెల్స్ పెడదామా అని అడిగావు కాబట్టి ఆయన సంగతి చెబుతున్నాను. ఒక్క తాకుడుతో ఆడే ఆట ఇది, చేతులు వణికేవాళ్ళు కూడా ఆడగలరు. నువ్వు గడియారం పెడితే ముందు బయటికి పోయేది వాళ్ళే. టైమర్ వద్దు.

ఓడినప్పుడల్లా ఒకటి పోయే ప్రాణాలు కూడా వద్దు. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగాలో అయిదు ప్రాణాలు, పోయినది తిరిగి రావాలంటే ఒక్కోదానికి 30 నిమిషాలు. ఆ పద్ధతి వాళ్ళకి లాభం తెచ్చింది, కాదనను. కానీ నీ ఆట ఎవరు, ఎక్కడ ఆడతారో చూడు. హైదరాబాద్ నుంచి ఊరికి పోయే బస్సులో, రైల్లో, ట్రాఫిక్ జామ్‌లో. సిగ్నల్ ఉండదు, మధ్యలో ఫోన్లొస్తాయి, పిల్లలు లాక్కుంటారు. నెట్ లేకుండా ఆడగలగాలి. ప్రతి ఎత్తూ అక్కడికక్కడే సేవ్ అవ్వాలి. బస్సులో సౌండ్ కట్టేసుకుంటారు కాబట్టి శబ్దం ద్వారా మాత్రమే తెలిసే సంగతి ఏదీ ఉండకూడదు.

నీకూ డబ్బులు రావాలి, నిజమే. ప్రకటన చూస్తే ఒక ఎత్తు వెనక్కి తీసుకోవచ్చని పెట్టు, ఇష్టమున్నవాళ్ళు చూస్తారు. లేదా ఒక్కసారి చిన్న మొత్తం తీసుకుని ప్రకటనలు పూర్తిగా తీసెయ్యి. ట్రే నిండి మనిషి ఉసూరుమన్న క్షణంలో మాత్రం "కొనుక్కో" అని ఎదురు నిలబడకు. పండగ పూట డబ్బు పెట్టి ఆడే పోటీలు పెడదామని నీ స్నేహితుడెవరో అన్నాడట. ఆ మాట అక్కడే తుంచెయ్యి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించింది. అంతకుముందే తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో రాష్ట్ర చట్టాలు వచ్చాయి. చట్టం లేకపోయినా నేను వద్దనేదాన్నే.

విడుదల భోగి ముందు రోజు అనుకోకు. నెల పట్టినప్పుడు, అంటే డిసెంబర్ మధ్యలో వచ్చెయ్యాలి. వాకిళ్ళలో పెద్ద ముగ్గులు మొదలయ్యేదీ అప్పుడే, టిక్కెట్లు దొరకలేదని అందరూ ఊరి మాటలే మాట్లాడుకునేదీ అప్పుడే. రోజుకో కొత్త ముగ్గు చొప్పున కనుమ దాకా ఇవ్వు, ముక్కనుమకి చివరిది. స్టోర్ వాళ్ళ పరిశీలనకి టైం పడుతుంది కాబట్టి నవంబర్ ఆఖరుకల్లా ఫైలు పంపేలా చూసుకో.

దానికి ముందు మీ నానమ్మ చేతికీ, కింద వాటాలో ఉండే వరంగల్ వాళ్ళ చేతికీ ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చో. ఏ పలక దగ్గర వేలు గాల్లో ఆగిపోతుందో రాసుకో. ఆ బొమ్మలు మళ్ళీ గియ్యి, గీశాక నాకు పంపు. కజ్జికాయ ముందు పంపు.

నీ అత్త